మూతి నుంచి మందు దట్టించే తుపాకీతో వేట: తిరుపతి, చిత్తూరు వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో స్థిరపడిన మన జిల్లాల పిల్లలు పాతకాలపు తుపాకీ భుజాన వేసుకొని జింకల వేటకు వెళ్లిన ఫొటోలు ఇంటికి పంపడం మొదలైన తరువాత, ఒకే రకం సందేహాలు పదే పదే వస్తున్నాయి. కొందరికి ఆ సరదా ఏమిటో అర్థం కాదు. కొందరు అదే పని శేషాచలం అంచున చేయవచ్చా అని అడుగుతారు. రెండో ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో చెప్పవచ్చు: చేయకూడదు. మొదటి దానికి కొంత ఓపిక కావాలి. కింది ప్రశ్నలను ఎక్కడి నుంచైనా మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## ఆసక్తి కలిగినప్పుడు

ఇన్ని కొత్త రైఫిళ్లు దొరుకుతుండగా, ఒక్క గుండు పేలగానే ఖాళీ అయ్యే తుపాకీ మీద ఇంత మోజు ఎందుకు?

ఆ మోజుకు కారణం ఆ ఒక్క గుండే. టెలిస్కోపు బిగించిన ఆధునిక రైఫిలు చేతిలో ఉంటే, చాలా దూరాన మేస్తున్న జింకను అది మనిషి వాసన పసిగట్టకముందే కొట్టవచ్చు. గురి తప్పినా రెండో తూటా క్షణంలో సిద్ధమవుతుంది. తుపాకిమందునూ గుండునూ గొట్టం మూతి నుంచే దట్టించే ఈ తుపాకీకి ఆ వెసులుబాటు లేదు. జింక దగ్గరకు వచ్చేదాకా గాలి వాటం చూసుకుంటూ, ఎండుటాకు చప్పుడు కూడా కాకుండా కూర్చోవాలి. వచ్చిన తరువాత కూడా అది పక్కకు తిరిగి నిలకడగా నిలబడేదాకా ఆగాలి. తొందరపడి కాలిస్తే, మళ్లీ మందు పోసి, గుండు దించి, తలెత్తి చూసేసరికి అక్కడ పొగ తప్ప ఏమీ ఉండదు. అందువల్ల ఈ వేటలో కాల్చకుండా గడిపే సమయమే ఎక్కువ. రోజంతా కూర్చొని ఒక్కసారి కూడా ట్రిగ్గరు నొక్కకుండా తృప్తిగా ఇంటికి వచ్చేవారు ఎందరో ఉన్నారు.

రెండో కారణం చేతిపని. సీసం కరిగించి అచ్చులో గుండ్లు పోసుకోవడం, నిప్పురవ్వలు పుట్టించే చెకుముకి రాయి అంచును మళ్లీ పదును చేసుకోవడం, గుండు చుట్టే గుడ్డముక్కలకు కొవ్వు పట్టించడం వంటివన్నీ వేటగాడే చేసుకుంటాడు. తుపాకీ పేలకపోతే తప్పు ఎక్కడ జరిగిందో అతనికే తెలుస్తుంది.

చరిత్ర మీద అభిమానం మూడో కారణమని చాలామంది చెబుతారు. అది కొంతవరకు నిజమే అయినా, తోలు కోటు, బొచ్చు టోపీ వేసుకొని 18వ శతాబ్దపు మనిషిలా కనిపించాలనే ఉత్సాహానికి నా దృష్టిలో రెండో వరుస స్థానమే దక్కుతుంది.

ఇది మన వైపు పేపర్లలో చదివే నాటు తుపాకీయేనా?

పనిచేసే సూత్రం ఒకటే. నాటు తుపాకీ, భర్మారు అని మనవాళ్లు పిలిచే ఆయుధానికి కూడా మందును, గుండును మూతి నుంచే దట్టిస్తారు. తేడా తయారీలోనూ, వాడే తీరులోనూ ఉంది. పెన్సిల్వేనియాలో కొనే తుపాకీ గొట్టం పరీక్షించిన ఉక్కుతో, లోపల మెలికల గాడులతో తయారవుతుంది. ఎంత మందు పోయాలో, ఎంత వ్యాసం ఉన్న గుండు వేయాలో తయారీదారు స్పష్టంగా చెబుతాడు. ఇక్కడ దొంగచాటుగా చేసే నాటు తుపాకీకి ఏ గొట్టం దొరికితే అదే గొట్టం, ఎంత మందు పడితే అంతే కొలత. లోపల గుండుకు బదులు ఇనుప రవ్వలు, సైకిలు బాల్సులు కూరుతారు. అది ముందుకు పేలవచ్చు, పట్టుకున్నవాడి ముఖం మీదా పేలవచ్చు. పైగా రాత్రిపూట తలకు లైటు కట్టుకొని, కళ్లు చెదిరి నిలబడిన జంతువును కొట్టడానికి వాడతారు కాబట్టి, ఒక్క గుండు వేటలో ఉన్న ఓర్పుకు అక్కడ చోటే లేదు.

ఏడుకొండల కింద పుట్టినవాళ్లం, వేట పాపం కాదా? పాత తుపాకీ వాడితే తగ్గుతుందా?

తుపాకీ పాతదైనంత మాత్రాన పాపం తగ్గదు. శ్రీకాళహస్తిలో శివుడికి కన్ను ఇచ్చిన తిన్నడు బోయవాడు; తిరుమలలో కనుమనాడు స్వామివారు పార్వేట మండపానికి వేంచేస్తే, ఈటె విసిరి వేట తంతు జరుపుతారు. కనుక వేట మన సంప్రదాయానికి పరాయిది కాదు, అలాగని ఆ కథలు ఈనాటి వేటకు అనుమతి పత్రాలూ కావు. మాంసం ముట్టని కుటుంబానికి ఏ తుపాకీ అయినా ఒకటే. తినే కుటుంబానికి మాత్రం అసలు ప్రశ్న జంతువు బాధ గురించి ఉండాలి. నున్నటి సీసపు గుండు దగ్గరి నుంచి గుండె, ఊపిరితిత్తుల చోట తగిలితే జింక త్వరగా పడిపోతుంది; దూరం నుంచి ఆశకు పోయి కాలిస్తే గాయంతో పారిపోయి ఎక్కడో చస్తుంది. ఆ నియమం పాటించలేనివారు ఈ తుపాకీ పట్టకపోవడమే మంచిది.

తూటాల తుపాకీలు వచ్చాక పోయిన అలవాటు మళ్లీ ఎలా వచ్చింది?

అమెరికాలో ఇది పూర్తిగా పోలేదు. కొండ ప్రాంతాల ఊళ్లలో గురి పందేలుగా మిగిలింది. ఆ పందేల వాళ్లే 1933లో నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్‌ను స్థాపించారు. దాని పోటీలు ఇండియానా రాష్ట్రంలోని ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్లో జరుగుతాయి. జింకల సంఖ్య పెరిగి, వేటగాళ్ల రద్దీ కూడా పెరిగినప్పుడు, రాష్ట్రాలు ఈ తుపాకీలకు విడిగా కొన్ని రోజులు కేటాయించాయి. పెన్సిల్వేనియా 1974లో చెకుముకి తుపాకీలకు మాత్రమే ప్రత్యేక సీజను మొదలుపెట్టింది. క్రిస్మస్ తరువాత మంచులో జరిగే ఆ సీజనుకు ఇప్పటికీ విడిగా అభిమానులు ఉన్నారు.

## తుపాకీని అర్థం చేసుకునేటప్పుడు

చెకుముకి తుపాకీ, టోపీ తుపాకీ, ఇన్‌లైన్ అంటారు. వీటిలో తేడా ఏమిటి?

మందుకు నిప్పు ఎలా అంటుతుందన్నదే తేడా. చెకుముకి తుపాకీలో రాయి ఉక్కు పలకను గీరుకుంటూ దిగితే నిప్పురవ్వలు చిన్న పళ్లెంలో ఉన్న మెత్తటి మందు మీద పడతాయి. ఆ మంట గొట్టం పక్కనున్న సన్నని రంధ్రం గుండా లోపలి మందును చేరుతుంది. టోపీ తుపాకీలో రాయి, పళ్లెం ఉండవు. సుత్తి ఒక చిన్న రాగి టోపీని కొడితే అందులోని రసాయనం పేలి నిప్పు పుడుతుంది. ఈ మార్పుకు దారి తీసింది కూడా ఒక వేటగాడి చిరాకే. అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే స్కాట్లాండ్ మతగురువు పక్షుల వేటకు వెళ్లినప్పుడు, పళ్లెంలో మెరిసిన మంట చూసి పక్షులు గుండు చేరకముందే తప్పించుకునేవి. దానికి విరుగుడుగా, దెబ్బకు పేలే రసాయనంతో నిప్పు అంటించే పద్ధతికి ఆయన 1807లో పేటెంటు తీసుకున్నాడు. రాగి టోపీ ఆ దారిలోనే తరువాత వచ్చింది.

ఇన్‌లైన్ తుపాకీలో నిప్పు గొట్టానికి సరిగ్గా వెనుక నుంచి అంటుతుంది. 1985లో టోనీ నైట్ అనే అమెరికా తుపాకీ తయారీదారు తెచ్చిన ఎంకే-85 అనే నమూనాతో ఇవి వ్యాపించాయి. దూరం, కచ్చితత్వం పెరిగాయి. దాంతోపాటు ఆధునిక రైఫిలుకూ దీనికీ మధ్య దూరం కూడా తగ్గిపోయింది. సంప్రదాయం కోసం వచ్చేవారు దీన్ని ఎంచుకోవడంలో నాకు పెద్దగా అర్థం కనిపించదు, వేట రోజులు పెంచుకోవడం కోసం వచ్చేవారికి అది సరిపోతుంది.

మందు దట్టించడం అసలు ఎలా ఉంటుంది? నిమిషం పడుతుందట, నిజమేనా?

అలవాటున్నవారికి అర నిమిషం నుంచి నిమిషం వరకు పడుతుంది. పెన్సిల్వేనియాలో మా అన్న కొడుకు వెంట వెళ్లినప్పుడు ఈ పనిని దగ్గర నుంచి చూశాను. అతడు మందు నింపుకునే కొమ్ముబుర్రను నేరుగా గొట్టంలోకి వంచలేదు. ముందు ఇత్తడి కొలతలో పోసి, ఆ కొలతను గొట్టంలో ఒంపాడు. లోపల పాత నిప్పు కణిక ఏదైనా మిగిలి ఉంటే కొలతలోని కాస్త మందే అంటుకుంటుంది, చేతిలోని బుర్ర మొత్తం పేలదు. తరువాత కొవ్వు పట్టించిన గుడ్డముక్కను మూతి మీద పరిచి, దాని మీద గుండు పెట్టి, పొట్టి కర్రతో లోపలికి నెట్టి, పొడుగాటి దట్టించే కడ్డీతో కిందికి దించాడు. ఆ కడ్డీ మీద గీసిన గుర్తు గొట్టం అంచుకు సరిగ్గా వచ్చేదాకా ఆగలేదు, ఎందుకంటే గుండుకు, మందుకు మధ్య ఖాళీ మిగిలితే గొట్టం చీలే ప్రమాదం ఉంది. చివరగా గసగసాల కన్నా మెత్తగా ఉన్న మందును పళ్లెంలో చిటికెడు వేసి మూత దించాడు. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా ఒక్క అడుగు కూడా ముందు వెనుక కాకుండా ఆ క్రమమంతా సాగింది. అంత పద్ధతి ఉన్న పని కాబట్టే దానికి అలవాటు పడినవారు మరో తుపాకీ వైపు చూడరు.

ట్రిగ్గరు నొక్కిన తరువాత కాస్త ఆగి పేలుతుందట. అప్పుడు గురి ఎలా కుదురుతుంది?

చెకుముకి తుపాకీలో ఆ ఆలస్యం సెకనులో చిన్న భాగమే అయినా, కంటి ముందు మంట భగ్గుమనడంతో కొత్తవారు తలను వెనక్కి లాగేస్తారు, గుండు పక్కకు పోతుంది. ట్రిగ్గరు నొక్కిన తరువాత కూడా గురిని అలాగే పట్టి ఉంచడం ఒక్కటే దీనికి విరుగుడు. ఇది సాధనతోనే వస్తుంది. కంటికి అద్దాలు తప్పనిసరి.

మామూలు తూటాల్లోని మందు ఇందులో పోయవచ్చా?

ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకూడదు. తూటాల్లోని పొగలేని మందు పుట్టించే ఒత్తిడిని ఈ గొట్టాలు తట్టుకోలేవు. గొట్టం పగిలి చేతులు, కళ్లు పోతాయి. సూరేకారం, గంధకం, బొగ్గు కలిసిన నల్లటి తుపాకిమందునుగానీ, దానికి బదులుగా తయారీదారు అనుమతించిన రకాన్నిగానీ మాత్రమే వాడాలి. ఇంట్లో కలుపుకోవడం మన దేశంలో నేరమే కాక, ప్రాణాంతకం కూడా.

అంత పొగ ఎందుకు వస్తుంది?

ఈ నల్లటి తుపాకిమందు కాలినప్పుడు పుట్టే పదార్థంలో సగానికి పైగా వాయువు కాదు, సన్నటి ఘన ధూళి. ఆ ధూళే తెల్లటి పొగగా పైకి లేస్తుంది, గొట్టం లోపల మసిగా అంటుకుంటుంది. గాలి లేని ఉదయం కాల్చిన వెంటనే జింక పడిందో పరుగెత్తిందో కనిపించదు. అందుకే అనుభవం ఉన్నవారు వంగి పొగ కింది నుంచి చూస్తారు.

## మన జిల్లాల్లో చట్టం గురించి

శేషాచలంలోగానీ, పలమనేరు, కుప్పం అడవుల్లోగానీ లైసెన్సు తీసుకొని వేటాడవచ్చా?

వీలు లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం సరదా వేటకు లైసెన్సు అనేదే లేదు. తుపాకీకి లైసెన్సు ఉన్నా, అది వేటకు అనుమతి కాదు. దుప్పి, కణితి, అడవి పంది మాత్రమే కాదు, కుందేలు కూడా రక్షణలో ఉంది. ఈ చట్టం దృష్టిలో చంపడమే కాదు, ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, తరమడం, ఆ ప్రయత్నం చేయడం కూడా వేటే. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం, కౌండిన్య అభయారణ్యం వంటి చోట్ల వేటాడి దొరికితే కనీసం 3 సంవత్సరాలు, గరిష్ఠంగా 7 సంవత్సరాలు జైలు, దానికి తోడు జరిమానా పడతాయి. "ఒక్క కుందేలే కదా" అన్న మాట కోర్టులో చెల్లదు.

పంట కాపాడుకోవడానికి రైతుకు ఇలాంటి తుపాకీ లైసెన్సు ఇస్తారని విన్నాం. నిజమేనా?

నిజమే. ఆయుధాల చట్టం, 1959లోని 13వ సెక్షను, పంట రక్షణ అవసరం నిజమైనదైతే మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇచ్చే అవకాశాన్ని పేరు పెట్టి మరీ చెబుతుంది. దరఖాస్తు జిల్లా యంత్రాంగం ద్వారా వెళుతుంది, పోలీసు విచారణ జరుగుతుంది. అయితే ఆ లైసెన్సు తుపాకీ కలిగి ఉండటానికే. చేలో పడిన పందిని కాల్చడానికి వన్యప్రాణి చట్టం కింద విడిగా అనుమతి ఉండాలి; అది లేకుండా కాలిస్తే తుపాకీ చట్టబద్ధమైనా పని నేరమవుతుంది. వేరుశనగ చేను ఒక్క రాత్రిలో తవ్విపోయిన రైతు బాధ చిన్నది కాదు, కానీ ఆ అనుమతి లేనప్పుడు అతడికి దారి నష్టపరిహారం కోసం అటవీ శాఖకు దరఖాస్తు పెట్టుకోవడమే. కంచెకు కరెంటు తీగ తగిలించడం అంతకన్నా పెద్ద ప్రమాదం. దానికి పందులతో పాటు ఏనుగులూ మనుషులూ బలవుతున్నారు.

మా తాతగారి కాలపు తుపాకీ ఒకటి అటక మీద ఉంది. ఏం చేయాలి?

ముందుగా దాన్ని ఎవరి వైపూ తిప్పకండి, సుత్తి లేపి చూడకండి, వేడి తగలనివ్వకండి. ఇలాంటి తుపాకీలను మందు దట్టించి అలాగే వదిలేయడం పూర్వం మామూలే. పొడిగా ఉన్న తుపాకిమందు దశాబ్దాల తరువాత కూడా పేలుతుంది. పిల్లలను దూరంగా ఉంచి, స్థానిక పోలీసు స్టేషనుకు రాతపూర్వకంగా తెలియజేయండి. లైసెన్సు తాతగారి పేరున ఉంటే, ఆయన మరణంతో అది మీకు దానంతట అదే సంక్రమించదు. తుపాకీని స్టేషనులోగానీ, లైసెన్సు ఉన్న ఆయుధాల వ్యాపారి దగ్గరగానీ జమ చేసి, వారసుడిగా కొత్త లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలి. మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉన్న పురాతన ఆయుధాలకు 1959 చట్టంలోని 45వ సెక్షను మినహాయింపు ఇస్తుంది. మీ ఇంట్లో ఉన్నది ఆ కోవకు వస్తుందా లేదా అన్నది మాత్రం అధికారులు తేల్చాలి, మీరు కాదు. లైసెన్సు లేకుండా దాచుకోవడం జైలుకు దారి తీసే నేరం.

కొడగులో లైసెన్సు లేకుండానే తుపాకీ పెట్టుకుంటారట. మనకెందుకు ఆ వీలు లేదు?

అది కొడవ జాతివారికి, అక్కడి జమ్మా అనే వంశపారంపర్య భూముల హక్కుదారులకు బ్రిటిషు కాలం నుంచి కొనసాగుతున్న ప్రత్యేక మినహాయింపు. కైల్‌పోళ్దు పండుగకు వారు తుపాకీలకు పూజ చేస్తారు. అయినా వన్యప్రాణులను వేటాడే హక్కు వారికీ లేదు.

## అమెరికాలో వేటకు వెళ్లేటప్పుడు

మా అబ్బాయి పెన్సిల్వేనియాలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడు చెకుముకి తుపాకీతో వేటకు వెళ్లవచ్చా?

వెళ్లడానికి మార్గం ఉంది, అయితే వరుసగా కొన్ని పనులు పూర్తి చేయాలి. మొదటిసారి లైసెన్సు తీసుకునేవారు వేట శిక్షణ తరగతి పూర్తి చేయాలి. సాధారణ వేట లైసెన్సుతో పాటు ఈ తుపాకీల సీజనుకు విడిగా మరో లైసెన్సు కొనాలి. ఏ రోజుల్లో, ఎక్కడ, ఎలాంటి జింకను కొట్టవచ్చో ఆ యేటి నియమాల పుస్తకంలో చూసుకోవాలి. జింకల వేటకు గొట్టం వ్యాసం కనీసం .44 అంగుళం ఉండాలని అక్కడి నియమం.

అమెరికా ఫెడరల్ చట్టం ఈ పాతరకం తుపాకీలను మామూలు తుపాకీల లెక్కలో చేర్చదు. దాన్ని నమ్ముకొని హెచ్-1బి, విద్యార్థి వీసాల మీద ఉన్నవారు వెంటనే కొనేయకూడదు. రాష్ట్రాల చట్టాలు వేరు వేరుగా ఉన్నాయి, ఒక చిన్న పొరపాటు వీసా మీదికే రావచ్చు. ముందుగా ఇమిగ్రేషన్ లాయరును అడగమని మీవాడికి చెప్పండి.

ఎంత దూరం నుంచి కాల్చాలి?

గుడ్డముక్కలో చుట్టిన గుండ్రటి సీసపు గుండు, టెలిస్కోపు లేని గురి అయితే 50 గజాల లోపు ఉత్తమం. గుండ్రటి గుండు దూరం పోయేకొద్దీ బలం త్వరగా కోల్పోతుంది. తన సాధనలో ఐదు గుండ్లూ అరచేయంత చోటులో పడే దూరం ఎంతో, ఆ వేటగాడి హద్దు అంతే. స్నేహితుడు చెప్పిన దూరం కాదు.

వాన పడితే, మంచు కురిస్తే తుపాకీ పనికిరాదా?

చెకుముకి తుపాకీకి తడే మొదటి శత్రువు. పళ్లెంలోని చిటికెడు మందు గాలిలోని తేమను పీల్చుకొని ముద్దయిపోతుంది; రాయి నిప్పులు కురిపించినా అంటుకోదు. అందుకే వేటగాళ్లు రాయి, పళ్లెం ఉండే భాగాన్ని కొవ్వు పట్టించిన తోలు ముక్కతో కప్పుతారు, తడి రోజుల్లో పళ్లెంలోని మందును తరచుగా తుడిచి కొత్తది వేస్తారు. చలిలో నుంచి వెచ్చటి గదిలోకి తుపాకీని తెస్తే గొట్టం లోపల చెమ్మ పడుతుంది కాబట్టి, దాన్ని బయటే సురక్షితమైన చోట తాళం వేసి ఉంచేవారూ ఉన్నారు. ట్రిగ్గరు నొక్కినా పేలకపోతే, గొట్టాన్ని అదే దిక్కుకు పట్టుకొని కనీసం ఒక నిమిషం కదలకుండా నిలబడాలి. నిప్పు లోపల నెమ్మదిగా పాకుతూ ఆలస్యంగా పేలిన సందర్భాలు ఉన్నాయి.

సెలవుల్లో పిల్లల దగ్గరకు వెళ్లిన మేము వేట చూడటానికి తోడు వెళ్లవచ్చా?

తుపాకీ పట్టకుండా, జంతువును తరమకుండా వెంట కూర్చోవడానికి చాలాచోట్ల అభ్యంతరం ఉండదు, అయినా ఆ రాష్ట్రపు నియమం ముందుగా చూసుకోండి. మెరిసే నారింజ రంగు చొక్కా వేసుకోండి. తిరుపతి చలికోటు అక్కడి జనవరికి చాలదు.

## వేట ముగిసిన తరువాత

తుపాకీని అదే రోజు కడగాలంటారు. మరునాడు కడిగితే ఏమవుతుంది?

తుప్పు పడుతుంది. మసిలోని లవణాలు గాలిలోని తేమను లాగి ఉక్కును తినడం మొదలుపెడతాయి. వేడినీళ్లు, సబ్బు చాలు. నీళ్లు నల్లగా వచ్చినంతసేపు గుడ్డ తోసి, తెల్లగా వచ్చాక పూర్తిగా ఆరబెట్టి, నూనె పట్టించాలి. రెండు రోజుల తరువాత మరోసారి గుడ్డ తోసి చూస్తే ఎర్రగా వచ్చిందో లేదో తెలుస్తుంది. ఈ మజిలీలోనే చాలామంది ఉత్సాహం చల్లారిపోతుంది.

ఆ తుపాకీని షోకేసులో పెట్టుకోవడానికి తిరుపతికి తెచ్చుకోవచ్చా?

సూటుకేసులో పెట్టుకొని వస్తే విమానాశ్రయంలోనే చిక్కుల్లో పడతారు. ఆయుధాల దిగుమతికి భారత చట్టం ప్రకారం ముందుగా లైసెన్సు ఉండాలి, కస్టమ్స్ అనుమతి కూడా కావాలి. అమెరికా విమానాల్లో నల్లటి తుపాకిమందు, పేలే టోపీలు చేతిసంచిలోగానీ, చెక్ చేసిన సామానులోగానీ నిషిద్ధం. జ్ఞాపకంగా కావాలంటే ఖాళీ కొమ్ముబుర్ర సరిపోతుంది. అందులో మందు ఆనవాలు లేకుండా కడగాలి, కొమ్ముతో చేసిన వస్తువులకు కస్టమ్స్ నియమాలు కూడా చూసుకోవాలి.

జంతువును చంపకుండా ఈ తుపాకీ ఆనందం పొందే దారి ఉందా?

ఉంది, చాలామంది ఆ దారిలోనే ఉన్నారు. కాగితపు గురి మీద, ఇనుప పలకల మీద ఈ తుపాకీలతో పోటీలు జరుగుతాయి. అంతర్జాతీయ పోటీలను ఎంఎల్ఏఐసీ అనే సంస్థ నిర్వహిస్తుంది. మందు కొలవడం, గుండు దించడం, పొగ, ఒక్క గుండు మీదే పెట్టుకున్న ఆశ అన్నీ అక్కడా ఉంటాయి. జింక మాత్రమే ఉండదు. అమెరికాలో ఉన్న మీ పిల్లలకు ఈ సరదా కొత్తగా పట్టుకుంటే, వేట లైసెన్సు కన్నా ముందు దగ్గర్లోని పాతరకం తుపాకీల క్లబ్బుకు ఒక ఆదివారం వెళ్లమనండి. అక్కడి పెద్దవాళ్లు తమ తుపాకీయే చేతికిచ్చి మొదటి గుండు దగ్గరుండి కాల్పిస్తారు.